ఒక్కగుండు తాత తుపాకి

పాత వంతెనను వరద ఎత్తుకుపోయిన మరుసటి ఏడు, కొత్త వంతెన తెరవడానికి ముందు రోజు మధ్యాహ్నం. తూనికల ఇన్‌స్పెక్టరుగా రిటైరైన బావగారు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. అది పేరుకే భోజనాల బల్ల, ఆయన పాత చెకుముకి తుపాకులు బాగుచేసేది దాని మీదే. ఆయన భార్య వంటగది గుమ్మంలో కూరలు తరుగుతోంది. సోఫాల కొట్టు నడిపే ఆమె తమ్ముడు పొడుగాటి దుప్పటి మూట ఒకటి తెచ్చి బల్ల మీద విప్పాడు.

"అటు తిప్పు."

"ఏం బావా?"

"దాని మూతి నా పొట్టకేసి ఉంది."

"భలేవారే. మా ముత్తాత కాల్చాక మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు దీన్ని. గాజు పెట్టెలోంచి తీయడం ఇదే మొదలు. ఇన్నేళ్ళ తర్వాత మీ పొట్ట మీద పగబట్టిందంటారా?"

"అటు తిప్పు."

"తిప్పరా. కిటికీ వైపు తిప్పు. ఆయన ఒకే మాట రెండుసార్లు అన్నారంటే ఇవాళ మాట్లాడాల్సిందంతా దాదాపు అయిపోయినట్టే."

"తిప్పానక్కా, తిప్పాను. బావా, పెద్ద పనేం లేదు. ఆ తుప్పు గీకి కాస్త మెరుగు పెట్టండి, చాలు. రేపు పొద్దున బ్యాండువాడు పెద్ద డోలు మీద ఒక్క దెబ్బ కొడతాడు. అదే గుర్తు. అటు కొత్త వంతెన పలక మీద తెర లేస్తుంది, ఇటు నేను దీన్ని ఎత్తి ఢామ్మని పేలుస్తాను."

"దీన్నా?"

"దీన్నే. మందు కూడా తెచ్చాను, ఇదిగో."

"అది గుమ్మం బయట పెట్టు."

"బయట పెట్టరా, పొయ్యి వెలుగుతోంది. ఇంట్లో ఉన్న ఇనుము చాలక నువ్వూ ఒకటి తెచ్చావు. ఈ బల్ల మీద అన్నం తిని ఎన్నాళ్ళైందో తెలుసా నీకు? పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుని తింటున్నాం. పోయినసారి పులుసు దుప్పటి మీద ఒలికింది."

"రేపొక్కరోజు ఓర్చుకో అక్కా. మన ముత్తాత పేరు రాతికెక్కుతోంది. పలక మీద ఏం రాయించానో విన్నారా బావా? 'ఈ వంతెన మీద ఒంటరిగా నిలబడి, ఒకే ఒక్క గుండుతో శత్రు దళపతిని కూల్చి, ఊరిని కాపాడిన మహావీరుడు.' రంగుతో రాసింది కాదు, రాతి మీద చెక్కించాను. ఇంక చెరగడం అంటూ ఉండదు."

"ఊఁ."

"ఊఁ ఏమిటి బావా? బాగుందా?"

"ముందు తుపాకి చూడనీ."

"ఆయన్ని అడక్కురా. మొన్న పాత తుపాకుల సంఘంలో ఎవరో పెద్దమనిషి ఒక్క మర కొత్తది బిగించి, చీటీ మీద 'అసలుది' అని రాసుకున్నాడట. ఈయన భూతద్దం పట్టుకుని చూసి, ఆయన్ని సంఘంలోంచే తీసేయించారు. పాపం, ఆయన మా పెళ్ళికి వచ్చినవాడే."

"మర అబద్ధం."

"మర ఎంత ఉంటుందండీ? బఠాణీ గింజంత."

"అబద్ధం అబద్ధమే. బావమరిదీ, ఇటు చూడు. ఈ కడ్డీ గొట్టం పక్కన ఆనించాను. ఎంతదాకా వచ్చింది?"

"అడుగుదాకా. పక్కనున్న ఆ సన్న రంధ్రం దాకా."

"ఇప్పుడు లోపలికి వేస్తున్నా. బయట ఎంత మిగిలింది?"

"ఒక జానెడు."

"ఆ జానెడూ లోపల ఏముంది?"

"దుమ్ము."

"జానెడు దుమ్మా?"

"సాలీడు గూడు కట్టిందేమో."

"ఒరేయ్, ఇనపకడ్డీని ఆపే సాలీడు ఎక్కడుందిరా?"

"మందు, దాని మీద గుండు. తుపాకి నింపి ఉంది."

"నింపి ఉందా? అంటే బావా, నేను రోజూ మధ్యాహ్నం సరిగ్గా ఆ గాజు పెట్టె కింద సోఫా వేసుకుని పడుకుంటున్నాను."

"తెలుసు. అందుకే అటు తిప్పమన్నా."

"అక్కా, కాసిని మంచినీళ్ళు ఇవ్వు."

"నాకూ నీళ్ళు కావాలి. చెంబెడు."

"మీకూ దాహమేనా?"

"తుపాకికి. తడిసిన మందు పేలదు."

"ఆగండి బావా. ఇందులో విడ్డూరం ఏమీ లేదు. తాత దళపతిని కాల్చేశాడు. ఇంకోడు వస్తాడేమోనని వెంటనే మళ్ళీ నింపుకున్నాడు. ఇంకోడు రాలేదు. అది అలాగే ఉండిపోయింది. ఎంత ముందుచూపు మనిషో చూడండి."

"కావచ్చు."

"కావచ్చు కాదు, అంతే. ఈ మాట కూడా పలక మీద వేయించాల్సింది."

"గొట్టం గట్టిగా పట్టుకో. ఈ కడ్డీ కొసన మర ఉంది, గుండులోకి దిగుతుంది. లాగుతున్నా. ఆఁ, వచ్చింది."

"ఇదేనా గుండు? రేగిపండంత ఉందే. అక్కా, చూడు, తాత చేత్తో పట్టుకున్న గుండు."

"చూశానులే. ఆ నల్లటి చెయ్యి నా కొంగుకి తుడవకు."

"కడ్డీ మళ్ళీ వేశా. చూడు."

"ఇంకా బయటే ఉందేం?"

"ఇంకోటి ఉంది."

"ఇంకోటంటే?"

"గుండు. దాని కింద."

"ఒకదాని కింద ఒకటి ఎందుకుంటాయి బావా? ఇవేమన్నా లడ్డూలా?"

"పట్టుకో. ఇది రెండోది."

"అయిపోయిందా?"

"లేదు."

"లేదంటారేమిటి?"

"ఇది మూడోది. ఇప్పుడు కడ్డీ అడుగుకి తగిలింది."

"నాకు అర్థం కాలేదండీ. మొదటిది కాల్చకుండానే రెండోది నింపాడా తాత?"

"రెండోది కాల్చకుండా మూడోది."

"పిచ్చివాడా ఏమిటి?"

"అక్కా, మాట జాగ్రత్త. మహావీరుడు."

"మహావీరుడికి పిచ్చి ఉండకూడదని ఎక్కడుందిరా? మీరు చెప్పండి, ఎందుకలా చేశాడు?"

"కాల్చాననుకున్నాడు."

"అనుకోవడం ఏమిటి? తుపాకి పేలిందో లేదో మనిషికి తెలియదా?"

"చుట్టూ అందరూ కాలుస్తున్నారు. పొగ, చప్పుడు, భయం. ఈయన నొక్కాడు. పక్కనెక్కడో ఢామ్మంది. తనదే అనుకుని మళ్ళీ నింపాడు. మళ్ళీ నొక్కాడు."

"మరి ఎందుకు పేలలేదు? సుత్తి నోట్లో చెకుముకి రాయి ఉంది కదా, నల్లగా నిగనిగలాడుతూ."

"దాన్ని గోరుతో గీకు."

"గీకాను."

"ఏమైంది?"

"గీత పడింది."

"రాయి మీద గోటి గీత పడుతుందా?"

"ఏమిటిది బావా?"

"కర్రముక్క. నల్లరంగు పూసింది. కసరత్తులప్పుడు పెట్టుకుంటారు, మంచి రాయి అరిగిపోకుండా. యుద్ధానికి వెళ్ళేముందు అది తీసేసి రాయి బిగించుకోవాలి."

"బిగించుకోలేదా?"

"మర్చిపోయాడు."

"యుద్ధానికెళ్తూ రాయి మర్చిపోయాడా? నేను బజారుకి సంచీ మర్చిపోతే నెల రోజులు నవ్వారు కదండీ మీరు."

"బావా, ఒక్కమాట చెప్పండి. ఈ తుపాకి ఆ రోజు అసలు పేలనే లేదంటారా?"

"ఆ రోజు ఒక్కసారీ పేలలేదు. పేలి ఉంటే లోపల మూడు ఉండవు."

"మరి దళపతిని కూల్చిందెవరు?"

"ఎవరో. పక్కనున్నవాడు."

"పక్కనున్నవాడంటే, తాత ఒంటరిగా కూడా లేడన్నమాట. ఒంటరిగా లేడు, ఒక్క గుండు కాదు, కూల్చలేదు. ఒరేయ్, ఇంక పలకలో మిగిలిందేమిటిరా?"

"వంతెన."

"అది కూడా వరదకి పోయింది కదండీ."

"నవ్వకక్కా. మీరు కూడా బావా, మూతి బిగబట్టినా తెలుస్తోంది. నా పరిస్థితి ఆలోచించండి. కొట్టు బోర్డు మీద తాత బొమ్మ వేయించాను. 'ఒక్కగుండు ఫర్నిచర్స్. ఒకే మాట, ఒకే ధర.' మూడు గుండ్లని తెలిసిందంటే రేపటినుంచి ప్రతివాడూ బేరం మొదలుపెడతాడు."

"అది నీ ఇష్టం. ఎల్లుండి సాయంత్రం సంఘం సభ. ఈ తుపాకి మీద నాదే ప్రసంగం. ఉన్నది ఉన్నట్టు చెప్తా."

"అందరి ముందా?"

"గుండ్లు కూడా చూపిస్తా. కర్రముక్క కూడా."

"బావా, ఈ తుపాకి మీద మీకు ఎప్పట్నుంచో కన్ను ఉందని నాకు తెలుసు. మా ఇంటికొస్తే మీరు మా మొహాలు చూడరు, దాన్నే చూస్తారు. ఎల్లుండి నుంచి అది మీది. మీ గోడకి తగిలించుకోండి."

"ఇస్తావా?"

"చూడరా, చూడు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన కళ్ళు అలా మెరవలేదు."

"నిజంగా ఇస్తాను. ఒక్కటే కోరిక. కింద చీటీ మీద, పలకలో ఉన్నదే రాయండి."

"వద్దు."

"వద్దా?"

"నా గోడ మీద అబద్ధం వేలాడదు. తీసుకుపో."

"ఏవండీ, ఆ చీటీ కాస్త—"

"వద్దన్నా."

"సరే. కానీ రేపటి సంగతి? ఊరంతా పిలిచాను. కొత్త రాయి ఏదైనా బిగించివ్వండి, మందు పోసి—"

"గొట్టం లోపల తుప్పు తినేసింది. ఇందులో మందు పోసి కాలిస్తే నీ చెంప వంతెన అవతల పడుతుంది."

"పేల్చకపోతే నా పరువు ఇవతల పడుతుంది."

"ఒరేయ్, నేనొకటి చెప్పనా? మా గోడ మీద వేలాడుతున్నవాటిలో ఒకటి పట్టుకెళ్ళి, ఆయన వేదిక వెనక నిలబడతారు. డోలు మీద దెబ్బ పడగానే వీడు ముందు ఉత్తినే నొక్కుతాడు, ఆయన వెనక నిజంగా కాలుస్తారు. తీరిపోతుంది."

"మోసం."

"చప్పుడే కదండీ. చప్పుడుకి చీటీ ఉండదుగా. ఎల్లుండి సభలో తాత సంగతితో పాటు ఈ సంగతీ చెప్పుకోండి, మీ మనసు కుదుటపడుతుంది."

"చెప్పేస్తా మరి."

"చెప్పేయండి బావా. నరికేవాడు రేపు కాకుండా ఎల్లుండి నరుకుతానంటే అదీ మేలే."

"అసలవి పేలతాయా అని నా అనుమానం. కాపురానికొచ్చినప్పట్నుంచీ తుడవడం చూశాను, నూనె రాయడం చూశాను. ఒక్కటి పేలడం చూడలేదు."

"నా చేతిలో పడ్డది పేలకుండా ఉండదు. అది దించు. ఆ నడిమిది. ఇప్పుడే నింపి పెడతా."

"ఇప్పుడెందుకు?"

"రేపు అక్కడ హడావుడి. గుండు వేయను, కాగితం ఉండ చాలు."

"ఆ ఈకెందుకు? కోడి ఈక."

"పక్క రంధ్రంలో పెట్టాలి. నింపేటప్పుడు మందు కారిపోకుండా. కాల్చేముందు తీసేయాలి."

"తీయకపోతే?"

"రంధ్రం బయట చిన్న పళ్ళెంలో వేసిన మందు భగ్గుమంటుంది. మంట లోపలికి పోదు. ఉత్త పొగ."

"అలా మర్చిపోయేవాళ్ళు కూడా ఉంటారా బావా?"

"ఒకడున్నాడు. సంఘం పోటీలో. అప్పట్నుంచీ ఈకల మేస్టారంటాం."

"ఆ పేరు పెట్టింది ఈయనేరా. ఆయన భార్య ఇప్పటికీ నాతో మాట్లాడదు."

"ఈక తీయడం తెలియనివాడు తుపాకి ముట్టుకోకూడదు."

మర్నాడు తెర లేచింది, డోలు మోగింది, ఢామ్మంది, ఊరు చప్పట్లు కొట్టింది. జనం ఫొటోల మీద పడ్డాక ముగ్గురూ వేదిక వెనక కలుసుకున్నారు. బావగారి మీసానికి మసి అంటింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు.

"చూశారా బావా? ఒక్క దెబ్బకి. పావురాలన్నీ లేచిపోయాయి."

"నాది."

"ఏది?"

"చప్పుడు."

"అవుననుకోండి. కానీ ఒక చిత్రం చెప్పనా? నా భుజానికి తన్నింది."

"నీది ఖాళీ తుపాకి."

"ఖాళీదే. నేను కాదన్నానా? అయినా తన్నింది. ఇదిగో, ఇక్కడ. చెయ్యి పైకి లేవడం లేదు."

"ఇందాక దండం పెట్టడానికి రెండు చేతులూ లేచాయి కదరా."

"అది వేరు అక్కా. జనం ముందు నొప్పి తెలియదు."

"తన్నింది నన్ను. నొక్కగానే భగ్గుమని లేచింది. మొహం నిండా వేడి. దాని వెంటే ఢామ్మని, భుజం ఊడిపోయిందనుకున్నా. ఎంత పాతదో, అంత దెబ్బ. అదీ తుపాకి అంటే. అదీ బాగుచేయడం అంటే."

"అమ్మయ్య. పెళ్ళయ్యాక మీరు ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఇదే."

"మీ తాతకీ ఇలాగే ఉత్తినే తన్ని ఉంటుంది. రేపు సభలో ఇది కూడా చెప్తా. కర్రముక్కతో యుద్ధానికెళ్ళినవాడి మునిమనవడు, ఖాళీ తుపాకి భుజానికి తన్నిందన్నాడని. పొట్ట పట్టుకుని నవ్వుతారు."

"బావా, మీకు దణ్ణం పెడతాను. ఇవాళ అంతమంది ముందు ఊరి పెద్దాయన ఒకరు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఆ తాత రక్తం నీలో ఉందిరా అన్నారు. నా చిన్నపిల్ల ముందు వరసలో నిలబడి వింది. రేపు దానికి నేనేం చెప్పాలి?"

"నిజం."

"మీకు పిల్లలుంటే తెలిసేది."

"ఒరేయ్."

"పొరపాటున అన్నానక్కా. క్షమించండి బావా."

"ఫరవాలేదు. రేపు సాయంత్రం. గుండ్లు మూడూ నా దగ్గరే ఉన్నాయి."

"సరే పదండి, పదండి. ఆ బ్యాండతను ఇటే వస్తున్నాడు. డోలు మీద గట్టిగా ఒక్కటి వేశాడట, ఆ దెబ్బకే తోలు అడ్డంగా చీలిపోయిందట. అంత చప్పుడయినా తుపాకి మోతలో తన డోలు ఎవరికీ వినబడలేదని వాపోతున్నాడు."

"పాత తోలు."

ఆ మర్నాడు పొద్దున్నే లేచి, కాఫీ కూడా తాగకుండా, బావగారు తన తుపాకి కడగడానికి బల్ల మీద పెట్టుకున్నారు. కాల్చిన తుపాకిని కడగకుండా ఉంచితే లోపల తుప్పు పడుతుంది. నిన్న ఊరి సంబరాల్లో పొద్దుపోయి ఆ పని మిగిలిపోయింది.

"కాఫీ ఇక్కడ పెడుతున్నాను. ఏమిటలా కడ్డీ వంక చూస్తున్నారు?"

"ఏం లేదు."

"లోపలికి పోవడం లేదా?"

"పోతుంది."

"బెత్తెడు బయటే ఉంది కదండీ."

"నువ్వు వెళ్ళు."

"తమ్ముడి తుపాకికి ఇలాగే ఉంటే లోపల ఏదో ఉందన్నారు కదా?"

"వెళ్ళమన్నా."

"వెళ్తాను. ఈ పక్కన రంధ్రంలో ఈ ఈకేమిటి? కొస కాలింది. ఏవండీ."

"ఊఁ."

"ఇది తీయాలి కదా, కాల్చేముందు?"

"తీయాలి."

"మరి నిన్న భుజం ఊడిపోయిందన్నారు?"

"ఊడిపోయినంత పనయింది."

"చొక్కా జరపండి. చూడనివ్వండి. ఎక్కడా చిన్న మచ్చ కూడా లేదే. అయితే ఆ ఢామ్మన్నది, పాపం ఆ బ్యాండతని డోలే. మా తమ్ముడు ఖాళీ తుపాకితో నిలబడ్డాడు, మీరు ఈకతో నిలబడ్డారు. ఇద్దరికీ తన్నింది. ఇందాక మీరు దొడ్లో ఉన్నప్పుడు ఈకల మేస్టారు ఫోన్ చేశారు. సాయంత్రం మీ ప్రసంగానికి ముందే వచ్చి మొదటి వరసలో కూర్చుంటారట."

"నువ్వేం చెప్పావు?"

"రమ్మన్నాను. అప్పటికి నేను ఈక చూడలేదు కదా. ఇదిగో, మళ్ళీ మోగుతోంది. తమ్ముడే అయ్యుంటాడు, రాత్రంతా నిద్రపోయి ఉండడు. తీసి మీరే మాట్లాడండి. ఆ ఈక ఇలా ఇవ్వండి, పొయ్యిలో వేస్తాను. సాయంత్రానికి ఈ బల్ల ఖాళీ అవుతుంది కదా?"

"అవుతుంది."

"అన్నం దీని మీదే వడ్డిస్తాను. మాట్లాడండి, పాపం, వాడు లైన్లో ఉన్నాడు."

"బావమరిదీ, నేనే. ఆఁ. ఇవాళ తుపాకి సంగతి మాట్లాడను, వేరే ఏదో చెప్తా. అవును, పలక అలాగే ఉండనీ. లేదు, ఎవరికీ చూపించను. ఒక్క గుండే, నేను తీసి చూశా కదా. అదలా ఉంచు, నీ భుజం ఎలా ఉంది? ఇంకా తగ్గలేదా? నాకూ తగ్గలేదు."